హాల్లో టీవీ కట్టేయకండి

డిసెంబర్ రెండో వారంలో మా ఊరి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కాలేజీల నుంచి పిల్లలు ఇళ్ళకి వస్తున్నారు, ఉండేది రెండు మూడు వారాలే, కాబట్టి టీవీ కట్టేసి వాళ్ళతో మనసు విప్పి మాట్లాడండి అని దాని సారాంశం. కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. ఒకావిడ ఈసారి రిమోట్ దాచేస్తున్నానని రాశారు. ఎవరూ కాదనలేదు. నేను కాదందామనుకున్నాను గానీ, గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు చలికాలం సెలవులకి ఇంటికొచ్చినప్పుడు హాల్లో టీవీ కట్టేయడం మంచి పని కాదు. కెనడాలో ఉన్నవాళ్ళకైతే, డిసెంబర్ 26 నుంచి జనవరి 5 దాకా, అసలు మంచిది కాదు. ఆ రోజుల్లో వరల్డ్ జూనియర్స్ వస్తుంది, అంటే ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళ ఐస్ హాకీ ప్రపంచ టోర్నమెంట్. ఇంటిల్లిపాదీ కూర్చుని అది చూడండి. మీరు పిల్లలతో మాట్లాడాలనుకున్న మాటల్లో సగానికి పైగా అక్కడే వస్తాయి.

మేముండేది ఎడ్మంటన్‌లో. డిసెంబర్‌లో ఇక్కడ తొమ్మిదవుతుంటే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. చలి బాగా ముదిరిన రోజున కారు ఇంజన్‌కి రాత్రంతా కరెంటు పెట్టి ఉంచితే గానీ పొద్దున స్టార్ట్ అవదు. కాబట్టి సెలవులకొచ్చిన పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఎవరి గదిలో వాళ్ళు, తలుపు వేసుకుని, ఫోనో లాప్‌టాపో ముందు పెట్టుకుని. హాల్లో టీవీ కట్టేసినంత మాత్రాన ఆ తలుపులు తెరుచుకోవు. వాళ్ళు హాల్లోకి రావడానికి ఉన్న ఒక్క కారణం కూడా పోతుంది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే

మా అమ్మాయి ఒంటారియోలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. నిరుడు, అంటే మొదటి టర్మ్ అయ్యాక, ఇంటికొచ్చిన మర్నాడు మా ఇంట్లో వాళ్ళ నాన్నకీ దానికీ మధ్య జరిగిన సంభాషణ ఇది. చాలా ఇళ్ళలో ఇలాగే జరుగుతుందని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

"పరీక్షలు ఎలా రాశావమ్మా?" 

"బానే రాశా నాన్నా."

"కో-ఆప్ ఉద్యోగం సంగతి?" 

"చూస్తున్నా."

"రూమ్మేట్స్ మంచివాళ్ళేనా?" 

"ఊఁ."

అంతలో వాళ్ళ పెద్దమ్మ విజయవాడ నుంచి వీడియో కాల్ చేసి, చిక్కిపోయావేంటే, మెస్‌లో ఏం పెడుతున్నారు, రోజూ పూజ చేసుకుంటున్నావా అని అడిగింది. అన్నిటికీ నవ్వుతూ తలూపి, ఫోన్ నా చేతికిచ్చి మేడ మీదికి వెళ్ళిపోయింది.

అడిగినవాళ్ళ ప్రేమలో లోటేం లేదు. కానీ నాలుగు నెలల పాటు ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో తిరగాలో సొంతంగా తేల్చుకున్న పిల్ల అది. ఇంటికి రాగానే ఎనిమిదో క్లాసు పిల్లలా జవాబులు చెప్పమంటే ముడుచుకుపోతుంది. పైగా ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తూ అడిగే ప్రశ్నకి ఒక్కటే సరైన జవాబు ఉంటుందని పిల్లలకి బాగా తెలుసు. "బానే" అన్నది ఆ జవాబే.

మా అమ్మమ్మగారింట్లో మాట్లాడుకోవడానికని ఎవరూ ప్రత్యేకంగా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, అప్పడాలు ఒత్తుతూనో ఉండేవాళ్ళు. చూపు చేతుల మీద, మాట పక్కవాళ్ళతో. అత్తగారి ఆరళ్ళు, కుదరని సంబంధాలు, తీరని అప్పులు అన్నీ ఆ పళ్ళెం చుట్టూనే బయటికొచ్చేవి. మా ఇంట్లో ఇప్పుడు చిక్కుడుకాయలు ఫ్రోజెన్ ప్యాకెట్‌లో ఒలిచే వస్తున్నాయి. అందరి చూపూ ఒకచోట నిలిపి, మాటని వదులుగా వదిలేసేది ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ పని హాకీ చేస్తుందని నా వాదన.

హాకీయే ఎందుకంటే, అది మూడు ఇరవై నిమిషాల పీరియడ్ల ఆట. మధ్యలో రెండుసార్లు విరామం. ఆట సాగుతున్నంతసేపూ పెద్ద మాటలకి చోటుండదు, అంత వేగం. విజిల్ పడ్డప్పుడు రెండు ముక్కలు. విరామంలో టీ పెట్టుకునేంత, పకోడీలు ఇంకో వాయి వేసుకునేంత సమయం. ఆ సమయానికి ఒక హద్దు ఉండటమే గొప్ప సంగతి. కష్టమైన మాట ఎత్తాలనుకునే పిల్లకి, అది ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే ధైర్యం వస్తుంది. మూడో పీరియడ్ మొదలవగానే ఇక ఎవరూ ఏమీ అడగరని తెలుసు. డైనింగ్ టేబుల్ దగ్గర ఆ హామీ లేదు. అక్కడ ఒక మాట జారితే రాత్రంతా సాగుతుంది.

2025 జనవరి 2న ఆటవాలో కెనడాకీ చెకియాకీ (చెక్ రిపబ్లిక్‌కీ) క్వార్టర్ ఫైనల్. రెండో విరామంలో అమ్మాయి వంటింట్లోకి వచ్చి, గట్టుకి ఆనుకుని, హాల్లో టీవీలో వస్తున్న విశ్లేషణ వైపే చూస్తూ, "లీనియర్ ఆల్జీబ్రా పోయిందమ్మా" అంది. బాణలిలో ఉల్లిపాయ పకోడీలు ఉన్నాయి. నేను వాటిని తిప్పుతూ, "మళ్ళీ ఎప్పుడు రాయాలి?" అన్నాను. "మే నుంచి మళ్ళీ ఆ కోర్సు ఉంటుంది." "సరే." "నాన్నకి నేనే చెప్తా. ఇప్పుడు కాదు." "సరే." మూడో పీరియడ్ మొదలైంది. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పీరియడ్‌లో కెనడా 3-3కి వచ్చింది, చివరి నిమిషంలో చెకియా గోల్ వేసి 4-3తో గెలిచింది. అంతకు ముందు ఏడు గోథెన్‌బర్గ్‌లో కూడా క్వార్టర్ ఫైనల్లోనే, ఇదే చెకియా చేతిలోనే, ఆఖరి సెకన్లలో పడ్డ గోల్‌తోనే కెనడా ఓడింది. ఈసారి సొంతగడ్డ మీద. కెమెరా బెంచి మీద కూర్చుని తలలు వంచేసుకున్న కుర్రాళ్ళ దగ్గరే తిరుగుతోంది. మా ఆయన, "దేశం పరువు తీశారు" అన్నారు. "వాళ్ళకి పంతొమ్మిదేళ్ళు నాన్నా" అంది అమ్మాయి. ఆ మాట అన్న తీరుకి ఆయన దాని వంక తిరిగి చూశారు. ఆ రాత్రే టీవీ కట్టేయకముందే ఆయనకి చెప్పింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తను ఇంటర్ రెండో ఏడు ఫిజిక్స్ ఎలా గట్టెక్కారో చెప్పారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ కథ నేనెప్పుడూ వినలేదు.

ఇది టీవీ గొప్పతనమా, ఆ సమయానికి అలా కలిసొచ్చిందా అని అడగొచ్చు. కలిసొచ్చిందనే అనుకుందాం. కానీ కలిసి రావడానికి ముందు అందరూ ఒకచోట ఉండాలి కదా.

మావయ్యగారి హాకీ

ఆ చలికాలం మా మావయ్యగారు కూడా మాతో ఉన్నారు, తెనాలి నుంచి వచ్చి. ఆయన ఎరిగిన హాకీ పచ్చగడ్డి మీద ఆడేది. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్ మీద 2-1తో గెలిచి మనవాళ్ళు ప్రపంచ కప్పు తెచ్చారే, అది రేడియోలో విన్న మనిషి. ఐస్ మీద ఆడే ఈ ఆట ఆయనకి మొదట్లో చికాకు. బంతి కనబడదు. బంతి కూడా కాదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ. ఆయన కళ్ళది తప్పేమీ కాదు. 1996లో అమెరికాలో ఫాక్స్ ఛానల్ వాళ్ళే ప్రేక్షకులకి కనబడటం లేదని పక్‌లో చిన్న ఎలక్ట్రానిక్స్ పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలం వెలుగు చూపించారు. పాత అభిమానులు గొడవ చేశారు, రెండేళ్ళకి అది పోయింది.

అమ్మాయి ఆయన పక్కన చేరి, "పక్‌ని వెతక్కు తాతయ్యా, ఆడేవాళ్ళ భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడు" అంది. అది నాకూ పనికొచ్చింది. అరగంటలో ఆయనకి ఆట పట్టుబడింది. ఆ తర్వాత అడగని ప్రశ్న లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగితే, "నీలం గీత దాటి పక్ లోపలికెళ్ళాకే మనం వెళ్ళాలి, దానికంటే ముందు దూరకూడదు" అని తెలుగులో చెప్పింది. ఐసింగ్ అనే ఇంకో రూల్ చెప్పడానికి సోఫా మీద దిళ్ళు పేర్చి చూపించింది. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, ఆ సాయంత్రం గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడింది. వినేవాళ్ళకి నిజంగా తెలుసుకోవాలనుంది, చెప్పడానికి దాని దగ్గర నిజంగా విషయముంది. తెలుగు క్లాసులు పెట్టించినప్పుడు ఈ రెండూ ఒకేసారి దొరకలేదు.

పెనాల్టీ పడ్డ ఆటగాడు గాజు తలుపు వెనక ఒక్కడే కూర్చుంటే మావయ్యగారు అడిగారు: "ఆ కుర్రాణ్ణి ఎందుకు అక్కడ కూర్చోబెట్టారు?"

"కర్రతో కాలికి అడ్డం పెట్టి పడేశాడు తాతయ్యా. రెండు నిమిషాలు బయట."

"తర్వాత?"

"తర్వాత వచ్చి ఆడతాడు."

"మళ్ళీ రానిస్తారా? అయితే మంచి ఆటే."

ఆ రోజు, డిసెంబర్ 27న, లాత్వియా షూటౌట్‌లో కెనడాని 3-2తో ఓడించింది. అంతకు ముందు ఆ టోర్నమెంట్‌లో లాత్వియా కెనడా మీద ఒక్కసారీ గెలవలేదు. మావయ్యగారు లాత్వియా ఎక్కడుందో మ్యాపులో చూపించమని, ఎంత మంది జనమని, మనవరాలిని పడుకోనివ్వలేదు.

పంజాబీ వాళ్ళని చూస్తే నాకు కాస్త అసూయ. 2008 నుంచి కెనడాలో హాకీ పంజాబీలో ప్రసారమవుతోంది. ఆల్బర్టాలోనే బ్రూక్స్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన వ్యాఖ్యాత హర్‌నారాయణ్ సింగ్, 2016లో ఇక్కడి పెద్ద హాకీ లీగు ఎన్‌హెచ్ఎల్ వాళ్ళ స్టాన్లీ కప్ ఫైనల్లో నిక్ బొనీనో గోల్ కొట్టినప్పుడు ఆ పేరు పట్టుకుని అరిచిన అరుపు దేశమంతా మోగింది. ఆయన ఇప్పుడు ఇంగ్లీషు ప్రసారాల్లోనూ మాట్లాడతారు. పంజాబీ ఇళ్ళలో తాతలూ మనవలూ కలిసి శనివారం రాత్రి ఆట చూడటం వెనక ఆ గొంతు ఉంది. తెలుగువాళ్ళకి అలాంటి ప్రసారం ఇప్పట్లో వస్తుందని నేననుకోను. రాకపోతే ఏం, మా హాల్లో వచ్చిందిగా.

మన పండగ కాదు కదా

మా ఆయనకి ఇదంతా పూర్తిగా నచ్చదు. ఆయన మాటలో బలముంది, కాబట్టి తీసిపారెయ్యను. పిల్లలు ఉండేది ఈ కొద్ది రోజులు. సంక్రాంతికి వాళ్ళు ఉండరు. జనవరి మొదటి వారంలో క్లాసులు మొదలవుతాయి, భోగి ఎప్పుడూ పదమూడో పద్నాలుగో. ఉన్న నాలుగు రోజుల్లో గుడికి తీసుకెళ్ళి, నలుగురిళ్ళకీ తీసుకెళ్ళి, మన పిండివంటలు చేసి పెట్టాల్సింది పోయి, ఒక స్పోర్ట్స్ ఛానల్ తయారుచేసిన పండగకి ఇల్లంతా అప్పగిస్తామా అంటారాయన.

ఛానల్ తయారుచేసిన పండగ అన్నది నిజమే. ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళ ఈ టోర్నమెంట్ 1977 నుంచి అధికారికంగా జరుగుతోంది. యూరప్‌లో చాలా చోట్ల దాన్ని పట్టించుకునేవాళ్ళు ఇప్పటికీ తక్కువే. కెనడాలో అది క్రిస్మస్ సెలవుల్లో భాగమైపోవడానికి పెద్ద కారణం టీఎస్ఎన్ అనే స్పోర్ట్స్ ఛానల్. 1991లో సస్కటూన్‌లో జరిగినప్పుడు వాళ్ళు ప్రసారం మొదలుపెట్టారు. సోవియట్ జట్టు మీద జాన్ స్లేనీ అనే న్యూఫౌండ్లాండ్ కుర్రాడు ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టి కెనడాకి బంగారు పతకం తెచ్చాడు. జనం ఇళ్ళలో ఉంటారు, బయట చలి. ఎన్‌హెచ్ఎల్ డిసెంబర్ 24 నుంచి 26 దాకా ఆటలు ఆపేస్తుంది. ఖాళీ దొరికింది, ఛానల్ నింపుకుంది.

అయినా సంక్రాంతికి సినిమాలు విడుదలవడం కూడా వ్యాపారమే. అయితే మాత్రం, భోజనాలయ్యాక పెదనాన్న పిల్లలతో సహా ఇరవై మందిమి ఆటోలెక్కి మాట్నీకి పోయింది మాకు పండగలో భాగం కాకుండా పోయిందా? ఎవరు మొదలుపెట్టారన్నది కాదు, దాని చుట్టూ ఎవరు కూడారన్నది చూడాలి. అరిసెలు మేము డిసెంబర్‌లోనే చేసుకుంటున్నాం. పాకం పట్టడం దగ్గర మా ఆయనే నిలబడతారు. హాకీ ముందు పళ్ళెంలో ఉండేవి అవే.

ఇంకో అభ్యంతరం నాకు నేనే చెప్పుకునేది. పొద్దున లేచింది మొదలు టీవీ మోగే ఇళ్ళు నాకు తెలుసు. మా స్నేహితురాలి ఇంట్లో భోజనం దగ్గర కూడా టీవీయే. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్యాభర్తలు ఒకళ్ళనొకళ్ళు తప్పించుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకున్నారు. టీవీ మనుషుల్ని కలుపుతుందని గుడ్డిగా చెప్పడం నాకిష్టం లేదు. సీరియల్ అయితే రేపూ వస్తుంది, సిరీస్ అయితే ఎవరి ఫోన్లో వాళ్ళు ఎప్పుడైనా చూస్తారు. దానికోసం ఒకళ్ళకోసం ఒకళ్ళు ఆగక్కర్లేదు. లైవ్ ఆట అలా కాదు. ఐదున్నరకి మొదలంటే ఐదున్నరకే అందరూ రావాలి. ఎలా ముగుస్తుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, తండ్రికీ తెలియదు. ఆట అయిపోగానే టీవీ ఆగుతుంది. విరామంలో సౌండు తగ్గించేస్తాను, ఆ ఒక్కటీ నా పట్టుదల.

ఈ ఆట చూడొచ్చా

అన్నిటికంటే బరువైన ప్రశ్న అమ్మాయి వేసింది. 2018 వరల్డ్ జూనియర్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులోని కొందరు, ఆ ఏడు జూన్‌లో ఒంటారియోలోని లండన్‌లో ఒక యువతి మీద అత్యాచారం చేశారన్న ఆరోపణ 2022లో బయటికొచ్చింది. దేశంలో ఈ ఆటని నడిపే సంస్థ హాకీ కెనడా ఆ కేసుని గుట్టుగా డబ్బిచ్చి పరిష్కరించుకుందనీ, ఇలాంటి వాటికి వాడే నిధిలో ఊరూరా పిల్లలు కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజులున్నాయనీ తెలిసి దేశం భగ్గుమంది. స్పాన్సర్లు తప్పుకున్నారు, అక్టోబర్‌లో సంస్థ అధిపతీ బోర్డూ దిగిపోయారు. తర్వాత ఐదుగురు ఆటగాళ్ళ మీద విచారణ జరిగి, 2025 జూలైలో జడ్జి ఐదుగురూ నిర్దోషులని తీర్పిచ్చారు.

తీర్పు వచ్చిన సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసి, "మనం ఇంకా ఇది చూస్తామా అమ్మా?" అంది. కోర్టు తీర్పు కోర్టు తీర్పే, దాన్ని కాదనే అర్హత నాకు లేదు. దాని ప్రశ్న అది కాదు. పదహారేళ్ళకే కుర్రాళ్ళని ఊరంతా భుజాల మీద మోసే ఆటలో, పిల్లల ఫీజులతో నిధి పెట్టుకుని నోరు మెదపని సంస్థ నడిపే ఆటలో, మనం ఏం చూసి చప్పట్లు కొడుతున్నాం అని అడుగుతోంది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు, అదే చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. పార్టీల గురించి, ఎవరైనా తాగి ఉన్నప్పుడు "సరే" అన్న మాటకి ఎంత విలువుంటుందని, ఒంటరిగా ఇంటికి ఎలా చేరుతుందని. తెలుగు ఇళ్ళలో తల్లీకూతుళ్ళు ఈ సంగతులు మాట్లాడుకోవడానికి దారి దొరకడం ఎంత కష్టమో చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేరుగా నేను అడిగి ఉంటే "నాకు తెలుసులే అమ్మా" అనేది. ఇద్దరం ఎరిగిన ఒక ఆట మధ్యలో ఉంది కాబట్టి మాట ముందుకెళ్ళింది.

మాన్పించడం తేలిక. అమ్మాయి మాన్పించమనలేదు, తను కూడా మానలేదు. ఆడవాళ్ళ లీగు పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరి 1న మొదలైంది కదా, ఇప్పుడు దాని ఆటలు కూడా మా హాల్లో నడుస్తున్నాయి, వాటికి మా ఇంట్లో గోల ఎక్కువ. జూనియర్స్ చూస్తుంది. చూస్తూ తిడుతుంది. కొట్లాట మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నాకు అది సరిపోతుందా అంటే పూర్తిగా సరిపోదు. కానీ చూసే దాన్ని నిలదీస్తూ చూడటం, చూడకుండా మర్చిపోవడం కంటే నయమని ఇప్పటికి అనుకుంటున్నాను.

గ్రూపులో రిమోట్ దాచేస్తానన్నావిడకి ఈ లింకు పంపుతున్నాను. వాళ్ళబ్బాయి హాకీ స్టార్ మెక్‌డేవిడ్ జెర్సీ వేసుకుని తిరుగుతాడని నాకు తెలుసు. ఆఫ్‌సైడ్ ఏమిటో తెలియకపోతే మరీ మంచిది, అబ్బాయినే అడగమనండి.

మావాడి సంగతి ఇంకా తేలలేదు. పదో క్లాసు, హాకీ అంటే ఆసక్తి లేదు, వాడికి బాస్కెట్‌బాల్. అక్క ఆట చూస్తుంటే ఓ మూల ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, పకోడీల కోసం వస్తాడు. మరో రెండున్నరేళ్ళలో వాడూ కాలేజీకి వెళ్ళిపోతాడు. క్రిస్మస్ రోజున బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ వాళ్ళవి పొద్దుట్నుంచి రాత్రి దాకా ఐదు ఆటలుంటాయట. ఏ ఆట చూడాలో వాణ్ణే ఎంచమన్నాను. లేకర్స్‌ది ఉంటే అదేనన్నాడు. ట్రావెలింగ్ అంటే ఏమిటో, మూడు సెకన్ల రూల్ ఏమిటో వాడే చెప్పాలి. అరిసెలు ఓ డబ్బా దానికి పక్కన పెట్టాను.